హర్రాజులో వచ్చిన అప్పడాల మిషను

రాజత్త పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. కర్మలన్నీ అయిపోయేదాకా కూడా రాలేదు. వచ్చినవాళ్లు నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ల వీపు నిమిరి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, పెళ్లింట్లో పెత్తనం చేసే మనిషిలా అటూ ఇటూ తిరిగాను. భోజనాల రోజున రెండోసారి పప్పు వేయించుకుని మరీ తిన్నాను. రాజత్త మా నాన్న చెల్లెలు. పేరు రాజమణి. మా అమ్మ దుకాణం పనికీ వంటింటికీ మధ్య పరుగులు పెడుతుంటే నన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడే. అటువంటి మనిషి పోతే గుండె చెరువవుతుందని నేనే కథల్లో ఎన్నోసార్లు రాశాను. తీరా నా దాకా వచ్చేసరికి లోపల ఏ చప్పుడూ లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా ఉండిపోయాను. దీన్ని గొప్పగానూ చెప్పడం లేదు, సిగ్గుపడుతూనూ చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మా పుట్టిల్లు శాలిబండలో. చార్మినార్ దగ్గర ఆటో దిగి నడిచిపోవచ్చు. ఇప్పుడు ఆ ఇంట్లో మా తమ్ముడి కుటుంబమూ, ఎనభై దాటిన మా అమ్మా ఉంటారు. మొన్నమొన్నటిదాకా రాజత్త కూడా ఉండేది. జనం కూర్చోవడానికి చోటు చాలక ఆ పది రోజులూ వెనక దాలాన్ ఖాళీ చేయాల్సి వచ్చింది. దాలాన్ అంటే మా వైపు వరండా. అందులో ఒక మూల గోనెపట్టా కప్పుకుని మా తాత కొన్న అప్పడాల మిషను ఉంది. మగవాళ్లు నలుగురు కలిసి జరపబోతే మొరాయించింది. మా తమ్ముడి కూతురు మానస పట్టా తీసి, తడిగుడ్డతో ఇనుప చట్రాన్ని తుడిచింది. మానస ఇంజనీరు. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొగకూ నూనెకూ నల్లబడిన చట్రం మీద ఇంగ్లీషు అక్షరాలూ, వాటి కింద ఒక నంబరూ తేలాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుంది. "అత్తమ్మా, పేటెంట్ నంబర్ గిది. దీన్ని పట్టుకుంటే నెట్‌ల బొమ్మ గూడ దొర్కుతది" అంది. ఆ గొడవలో నేను సరే సరే అని ఊరుకున్నాను.

మా తాత ఇంగ్లీషు చదువు పేటెంట్ అన్న మాటతో మొదలై అక్కడే ముగిసింది. ఆయనకు చార్మినార్ వెనక సందులో కిరాణా దుకాణం ఉండేది. పెళ్లి వంటలవాళ్లు, హోటళ్లవాళ్లు ఆయన ఖాతాదారులు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం హర్రాజు. ఊళ్లో ఏ నవాబుగారి దేవుడీలో, అదే వాళ్ల భవంతిలో, సామాను వేలం వేస్తున్నా దుకాణం మా నాన్నకు ఒప్పజెప్పి అత్తరు రాసుకుని బయలుదేరేవాడు. తోటివాళ్లు కుర్చీలూ తివాచీలూ చూస్తుంటే ఈయన ఇనుప సామాను దగ్గర గొంతుక్కూర్చుని, ప్రతిదాన్నీ తిరగేసి, ఆ ఒక్క మాట కోసం వేలితో తడుముతూ ఉండేవాడట. అది దొరికితే చాలు, ఆ వస్తువు ఎందుకు పనికొస్తుందో ఆయనకు అక్కర్లేదు. "గిది పేటెంట్ మాల్ రా. గిట్ల గట్ల సామాను గాదు. ఎవడో సర్కారు దగ్గరికి పోయి, నేను తయారు జేసిన అని మొహర్ ఏయించుకున్నడు" అని ఇంటికొచ్చి మా నాన్నకు చెప్పేవాడు. మొహర్ అంటే ముద్ర. ఆయన దృష్టిలో అది తిరుపతి లడ్డూ అంత పవిత్రం.

ఇంటికొచ్చాక దానికొక పని వెతకడం ఆడవాళ్ల వంతు. ఐస్‌క్రీమ్ తిప్పే చెక్కబక్కెటు మా ఇంట్లో మజ్జిగ చిలికింది. దొరల బల్ల మీద కాల్చిన రొట్టె ముక్కలు నిలబెట్టే వెండిపూత స్టాండులో మేము పిల్లలం పలకలు పెట్టుకునేవాళ్లం. గుడ్లు గిలకొట్టే గిలక శాకాహారుల ఇంట్లో సున్నం కలపడానికి దిగింది. ఒక ఎలుకలబోను ఎంత తెలివిగా చేశారంటే, దాన్ని తెరవడం మాకు తెలియలేదు, ఎలుకలకు మాత్రం తెలిసింది. మా అమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఇవన్నీ చూసి, ఈ ఇంట్లో ఏ వస్తువూ దాని పని అది చేయదు అని రాజత్తతో అన్నదట. వదినామరదళ్లకు దోస్తీ అక్కడ మొదలైంది. రాజత్త అప్పటికి పెళ్లి కావలసిన పిల్ల. నవ్వితే ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

అప్పడాల మిషను కూడా ఇట్లాగే వచ్చింది. నడుమెత్తు ఇనుప చట్రం, అందులో ఒకదాని మీద ఒకటి రెండు రోలర్లు, పక్కన తిప్పే పిడి. రోలర్ల మీద రబ్బరు ఎండి పెచ్చులూడుతోంది. తాత దాని చుట్టూ రెండు రోజులు తిరిగి, ఇది అప్పడాలు వత్తే మిషనని తేల్చాడు. తేల్చాక ఇక ఎవరూ ఎదురు చెప్పే ఇల్లు కాదు మాది. రబ్బరు పీకించి, వడ్రంగితో గట్టి శీషం కర్ర రోలర్లు చేయించి బిగించాడు. పిండి గట్టిది కాబట్టి పైమరలు బాగా బిగించాడు. అప్పుడు తిప్పడం కష్టమైంది. దానికని గడ్డి కోసే మిషను చక్రం ఒకటి తెచ్చి పిడి పక్కన తగిలించాడు. ఆ బరువు చక్రం ఒకసారి ఊపందుకుంటే చెయ్యి తీసినా నాలుగు చుట్లు తిరిగేది. చట్రం కుడివైపున, సరిగ్గా పిండి పెట్టే మనిషి మోచేతి దగ్గర, ఇంకో చిన్న ఇత్తడి పిడి ఉండేది. అది దేనికో తెలియదు. చక్రం తిరిగేటప్పుడు టకటకమని ఒకటే లొల్లి చేసేది. తాత దాన్ని రాగి తీగతో చట్రానికి కట్టేశాడు. దసరాకు మిషనుకు పూజ చేసినప్పుడు పూలదండ తగిలించడానికి అది చక్కగా అమరింది. ఆనాటి నుంచి దాని పేరు దండపిడి.

ఎండాకాలం మా ఇల్లంతా మినపపిండి వాసన, ఇంగువ వాసన. తెల్లారేసరికి అమ్మా రాజత్తా తలలకు గుడ్డలు చుట్టుకుని దాలాన్‌లో ఉండేవాళ్లు. నూనె రాసిన పిండిముద్దను రోకలితో దంచి దంచి, తీగలా సాగుతోందని నమ్మకం కుదిరాక పొడుగ్గా చేసేవాళ్లు. రాజత్త దాన్ని రోలర్ల మధ్యకు అందించేది. అమ్మ చక్రం తిప్పేది. అవతలి పక్క నుంచి పలచటి పట్టీ జారుతూ వచ్చేది. దాన్ని మూకుడుతో గుండ్రంగా కోయడం మా నాయనమ్మ పని, మేడ మీద నులకమంచాలకు ధోవతులు పరిచి ఆరబెట్టడం పిల్లల పని. ఆరేవాటి కింద పడుకుని సూర్యుణ్ణి చూస్తే పచ్చగా కనపడేవాడు. పక్కింటి ఖాలా మేడ మీద నుంచే "కిత్నే పాపడ్ హోగయే అమ్మా" అని అప్పడాల లెక్క అడిగి, జవాబు వినకుండానే రెండు చేతులూ చాచేది. అమ్మకూ రాజత్తకూ చక్రం తిప్పుతూ మాట్లాడుకోవడానికి ఎక్కడెక్కడి ముచ్చట్లో దొరికేవి. ఆ చక్రం చప్పుడులో వాళ్ల మాటలు మాకెవరికీ వినపడవు. మంది ఉన్న ఇంట్లో వాళ్లిద్దరికీ అదొక గది లాంటిది. అత్తగారు అరిచినా వినపడనట్టు నటించవచ్చని అమ్మ తర్వాత నాతో చెప్పింది.

ఆ రోజు నేను మేడ మీద ఉన్నాను. పెళ్లి ఆర్డరొకటి ఉందని పొద్దుటి నుంచీ హడావుడి. కింద నుంచి ఒక అరుపు వచ్చింది. నాయనమ్మ అరుపు కాదు, ఇంకెవరిదో అనుకున్నాను, ఎందుకంటే రాజత్త అరవగా నేనెప్పుడూ వినలేదు. దిగి వచ్చేసరికి ఆమె చేతికి తెల్లటి ధోవతి చుట్టి రిక్షా ఎక్కిస్తున్నారు. నన్ను చూసి ఏమీ లేదన్నట్టు తలూపింది. మా అమ్మ చక్రం పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఆమె రెండు చేతులూ పిండితో తెల్లగా ఉన్నాయి. ఇంట్లో అందరూ చెప్పుకున్నది ఇది. పిండి వేళ్లకు అంటుకుని, వేళ్లు రోలర్ల మధ్యకు పోయాయి. చక్రం ఊపులో ఉంది. అమ్మ ఆపేలోపు మణికట్టుదాకా లాక్కుంది. ఎట్లాగో చేయి బయటికి తీశారు. అంతే కథ.

రాజత్త కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. వచ్చిన సంబంధాల మాటలు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఎవరూ వద్దని చెప్పలేదు, మళ్లీ రాలేదు, అంతే. నాయనమ్మ రోజూ మా అమ్మ మొహం చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. దవాఖాన నుంచి వచ్చిన రోజునే రాజత్త అందరి ముందూ, తాత ముందూ, నోరు తెరిచి చెప్పింది. "వదిన ఏం జేస్తది? మిషిన్ గుంజింది. అది గసుంటి మిషిన్." ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడు ఆ ఊసెత్తినా ఆ మాటే. చుట్టాలు అడిగినా అదే, పెళ్లి చూపులకని వచ్చినవాళ్లు గుచ్చి గుచ్చి అడిగినా అదే. మిషిన్ గుంజింది. ఆ ఒక్క మాట మీదే మా అమ్మ ఆ ఇంట్లో బతికింది. నేను పెద్దయ్యాక కూడా అమ్మ అప్పుడప్పుడు, ఏ చింతపండు నానబెడుతూనో, ఏ సందర్భమూ లేకుండా, "గది గసుంటి మిషినే బిడ్డా. ఎవలున్నా ఏం జెయ్యకపోదురు" అనేది. నేను ఔనమ్మా అనేదాన్ని. నాకు నిజంగానే అందులో అనుమానం లేదు.

మిషనును తాత పారేయలేదు. పట్టా కప్పి మూలకు నెట్టించాడు. ఆయన హర్రాజులకు వెళ్లడం మాత్రం మానేశాడు. అప్పడాలు మళ్లీ పీట మీద, కర్రతో. రాజత్త కుడిచేయి చేయాల్సిన పనులన్నీ అమ్మ చేతికి వచ్చాయి. ఆమెకు జడ వేయడం, చీర కుచ్చిళ్లు పోయడం, అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టడం. ఎడమ చేత్తో తినడం రాజత్తకు నచ్చేది కాదు, అందుకని అమ్మ ముద్దలు చేస్తే వాటిని కుడి అరచేతి మీద పెట్టుకుని తినేది. మాకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, తాతా నాయనమ్మా నాన్నా ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఈ ఇద్దరూ మాత్రం ఒకే కంచం ముందు ఎదురెదురుగా కూర్చునే ఉన్నారు. తగాదాలు పడేవాళ్లు కాదా అంటే, బాగా పడేవాళ్లు. సీరియల్ విషయంలో, ఉప్పు విషయంలో, కిటికీ తెరవాలా మూయాలా అన్న విషయంలో. చేయి విషయంలో మాత్రం ఎన్నడూ లేదు.

ఇప్పుడు నా వంటింట్లోనూ మిషన్లకు కొదవ లేదు. రుబ్బేది, పిండేది, ఉతికేది, గిన్నెలు కడిగేది. ఒక్కదాని మీద కూడా చేసిన మనిషి ఎవరో తెలియదు. చెడిపోతే బాగు చేయరు, కొత్తది కొనమంటారు. వాషింగ్ మిషన్ మూత తెరిస్తే దానంతటదే ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మా తాత మాత్రం ఇనుము మీద పోతపోసిన అక్షరాలను వేలితో తడిమి, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఒకాయన కూర్చుని దీన్ని ఆలోచించాడు అని మురిసిపోయేవాడు. ఆయన మురిపెమంతా ఆ మనిషి ఆలోచించాడన్న దాని మీదే. ఏం ఆలోచించాడో కనుక్కుందామని ఆయనకు తోచలేదు. మాకూ తోచలేదు. అప్పటి మనుషులు వస్తువును గౌరవించారు, మేము వాడుకుంటున్నాం. ఎవరికీ దాన్ని అడిగే అలవాటు లేదు.

కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక నేనింకో నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. అమ్మ ఒక్కతే కంచం ముందు కూర్చుంటే బాగుండదని. అమ్మ కూడా ఏడవలేదు. దాలాన్‌లో చెక్క తఖ్తు మీద కూర్చుని గోడ చూస్తుండేది. అన్నం కలిపి అలవాటు కొద్దీ ముద్దలు చేసి, వాటిని చూసి, మళ్లీ విడదీసి తినేది. నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఇద్దరం ఇట్లా రెండు రాళ్లలా ఉన్నామే అనుకునేదాన్ని. అంతకుమించి ఏమీ అనిపించేది కాదు.

ఒకరోజు సాయంత్రం మానస డ్యూటీ నుంచి నేరుగా దాలాన్‌లోకి వచ్చింది. చేతిలో కాగితాలు. ముఖం వెలిగిపోతోంది. "నాయినమ్మా, నీకొకటి జూపిస్త" అని తఖ్తు మీద అమ్మ పక్కన కూర్చుని పరిచింది. అచ్చం మా మిషను బొమ్మ. ప్రతి భాగానికీ ఒక గీత గీసి పక్కన అంకె వేసి ఉంది.

"గిది పాపడాల మిషిన్ గాదు నాయినమ్మా. బట్టలు పిండేది. తడి బట్ట గిటు వెడితే నీళ్లన్ని కారి అటు నుంచి వస్తది."

అమ్మ ఆ బొమ్మనూ మూలనున్న మిషనునూ మార్చి మార్చి చూసింది. "బట్టలు పిండేదా? మీ ముత్తాత ఉంటే నిన్ను గల్లీలకు ఎల్లగొడ్తుండె" అంది. రాజత్త పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. నాకూ నవ్వొచ్చింది. పెళ్లివాళ్లంతా దొరసానుల లంగాలు పిండే మిషనులో వత్తిన అప్పడాలు తిన్నారన్నమాట.

మానస ఇంకా చెబుతూనే ఉంది. దీంట్లో అసలు కొత్త విషయం రోలర్లు కావట, అవి అప్పటికే ఉన్నాయట. ఆయన పేటెంట్ తీసుకున్నది ఇదిగో దీనికట. ఆమె వేలు కాగితం మీద కుడివైపుకు జరిగింది. అక్కడ ఆ చిన్న పిడి ఉంది. నాకు ఆమె కంటే ముందే అర్థమైంది. ఆపుదామనుకున్నాను. మానసా, పోయి చాయ్ పెట్టు అంటే చాలు. ఆ పిల్ల లేచి వెళ్లేది, వంటింట్లో ఆమెకు నచ్చజెప్పేదాన్ని, అమ్మ మాట అమ్మకు మిగిలేది. నాలుక కదలలేదు.

"ఎవరిదన్న చెయ్యి గిట్ల నడుమల ఇరికితే, గీ పిడిని జెర కొడితే సాలు. పై రోలర్ ఎగిరి లేస్తది. చెయ్యి ఇడుస్తది. పనిజేసేటోళ్ల మోచేతికి అందాలెనని గీడ వెట్టిండట."

అమ్మ మూలనున్న మిషను వైపు తిరిగింది. "కొట్టు" అంది.

మానసకు అప్పుడు తెలిసింది తాను ఎవరి ముందు ఏం చెప్పిందో. నా వైపు చూసింది. "వద్దులే నాయినమ్మా, తుప్పు వట్టింది" అంది. అమ్మ కర్ర పట్టుకుని లేచి తానే మిషను దగ్గరికి నడిచింది. మానస పట్టకారుతో రాగి తీగ తెంపింది. వంటింట్లోంచి మంచినూనె తెచ్చి కీలులో పోసింది. అరచేత్తో ఒకసారి కొడితే కదల్లేదు. రెండోసారి కొట్టేసరికి ధడేలుమని పై రోలరు లేచింది. అన్నేళ్ల తుప్పు కింద కూడా దాని పని అది మరిచిపోలేదు. అమ్మ ఆ రెండు రోలర్ల మధ్యకు తన కుడిచేయి పోనిచ్చింది. మణికట్టుదాకా పోనిచ్చి, వెనక్కి తీసింది. మళ్లీ పోనిచ్చింది. ఎక్కడా తగల్లేదు.

"నేను ఎన్కకు తిప్పిన" అంది అమ్మ.

మాకు వెంటనే అర్థం కాలేదు.

"చెక్రం ఆగింది. రాజి మంచిగనే మాట్లాడింది. తిప్పకు వదినా, గట్లనే ఉంచు, అన్నను పిలువు, మరలు ఇప్పుతడు అన్నది. నాకు గా చెయ్యి తప్ప ఏం గానొస్తలేదు. ఎన్కకు తిప్పిన. గప్పుడు ఒర్రింది రాజి. నలిగిన చెయ్యి మల్ల నలిగింది. డాక్టరు అడిగిండు, మీ నాయిన అడిగిండు, అందరడిగిండ్రు. మిషిన్ గుంజింది అన్నది. నాతోని గూడ గంతే అన్నది. మేమిద్దరమే ఉన్నప్పుడు గూడ నువ్వు తిప్పినవ్ అనలే."

మానస ఏడవడం మొదలుపెట్టింది. నేను నిలబడి చూస్తున్నాను. అప్పుడైనా నాకు కన్నీళ్లు రావాలి, రాలేదు. భయం మాత్రం వేసింది. ఈ వయసులో అమ్మ చేతుల్లోంచి ఉన్న ఒక్క ఆధారమూ జారిపోయింది, రేపు పొద్దున లేచి ఏ మాట అనుకుంటుంది ఈవిడ అని. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకున్నాను. అమ్మ నా చేయి తీసేయలేదు, పట్టుకోనూ లేదు. ఏడుస్తున్న మానసను చూసి, "నువ్వెందుకు ఏడుస్తున్నవే పోరి. మంచి పనే జేసినవ్" అంది. తర్వాత ఆ కాగితాలు ఇమ్మంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"దీన్ని జేసినాయన పేరున్నదా గిండ్ల?"

"ఉన్నది నాయినమ్మా. పేరు, ఊరు అన్ని ఉన్నయ్."

"పెండ్లయినోడా?"

"తెల్వదు. మిషిన్ సంగతే ఉంటది గిండ్ల."

అమ్మ ఆ పిడి బొమ్మను చాలాసేపు చూసింది. "గింత సోంచాయించి పెట్టిండంటే, ఆయనింట్ల గూడ ఎవలదో చెయ్యి ఇరికే ఉంటది. పెండ్లాందో, చెల్లెదో" అంది.

"గదేం రాయలే నాయినమ్మా" అంది మానస.

"గవన్ని ఎవలు రాస్తరు బిడ్డా" అంది అమ్మ.